‘శూన్యం నుంచి సృష్టి’: ఈ ‘నుంచి’ సరైనదేనా?

సందేహం: బాగ్‌లింగంపల్లిలో ఒక చర్చాసభకు వెళ్లాను. ‘దేవుడు శూన్యం నుంచి లోకాన్ని సృష్టించాడు’ అని ఒకాయన అంటే, ‘అందులోంచి తీయడానికి శూన్యమేమన్నా మట్టిముద్దా? మీ వాక్యమే తప్పు’ అని ఇంకొకాయన అడ్డు తగిలారు. వ్యాకరణం ఎవరి పక్షం? ‘సృజించు’, ‘సృష్టించు’లలో ఏది సరైనది?
– ఒక పాఠకుడు, మలక్‌పేట, హైదరాబాద్

సమాధానం: వాక్యం తప్పు కాదు. అయితే అడ్డు తగిలినాయన మాటలోనూ పస ఉంది. పుట్టేదానికి ఏది మూలమో అది అపాదానం (‘నుంచి’ అనే అర్థం వచ్చే కారకం) అని సంస్కృత వ్యాకరణకర్త పాణిని ‘జనికర్తుః ప్రకృతిః’ సూత్రంలో చెప్పాడు. ‘పాల నుంచి పెరుగు’ అన్నప్పుడు మన ‘నుంచి’ చేసే పని అదే. ఆ అలవాటు చెవికి శూన్యం కూడా ఒక ముడిసరుకులాగే వినిపిస్తుంది. సృష్టివాది చెప్పదలచుకున్నదేమో అసలు ముడిసరుకే లేదని!

లాటిన్‌లోనూ ఈ పేచీ ఉంది. 11వ శతాబ్దపు క్రైస్తవ తాత్వికుడు ఆన్సెల్మ్ దాన్ని తీర్చిన పద్ధతి నాకు భలే నచ్చుతుంది. కారణం లేకుండా దిగులుపడేవాణ్ని ‘ఏమీ లేనిదాని నుంచి’ దిగులుపడ్డాడు అంటాం కదా, ఇదీ అలాంటిదే అన్నాడు. మన దగ్గర ‘ఏం లేనిదానికి ఏడుస్తున్నడు’, ‘ఉత్తగనే ఏడుస్తున్నడు’ అంటే ఆ ‘లేనిది’ ఏమిటని ఎవరూ వెతకరు.

నా అభ్యంతరమల్లా ‘శూన్యం’ మీదే. బౌద్ధ తాత్వికుడు నాగార్జునుడి శూన్యత అంటే ఏమీ లేకపోవడం కాదు, వస్తువులకు సొంత స్వభావం లేకపోవడం. పైగా కారణం లేకుండా ఏదీ పుట్టదని ఆయన తన గ్రంథం మూలమధ్యమకకారిక మొదట్లోనే అంటాడు. ఫిజిక్స్ వాళ్ల శూన్యం ఇంకొకటి. ఇందరి మధ్య ఆ మాట వాడితే వాదం ఎటో పోతుంది. ‘ఏ ఉపాదానమూ (ముడిసరుకూ) లేకుండా సృష్టించాడు’ అంటే సరిపోతుంది, మన తార్కికులకూ అర్థమవుతుంది. ఒప్పుకుంటారని కాదు. లేనిదాన్ని చేయడం కుదరదని సాంఖ్య దర్శనం వాళ్లు ‘అసదకరణాత్’ అన్నారు. నైయాయికులది (న్యాయ దర్శనం వాళ్లది) అసత్కార్యవాదం, అంటే పుట్టకముందు వస్తువు లేదనే వాదం కాబట్టి వాళ్లు సృష్టివాది వైపేనని కొందరు పొరబడుతుంటారు. కుండ ముందు లేదన్నారే గానీ, పరమాణువులు నిత్యమన్నదీ వాళ్ల మతమే, అంటే ముడిసరుకు ఎప్పుడూ ఉన్నట్టే.

‘సృజించు’, ‘సృష్టించు’ రెండూ వ్యాకరణసమ్మతమే. తెలుగు బైబిలు మొదటి వాక్యంలో ‘సృజించెను’ అని ఉంటుంది. వాడుకలో ‘సృష్టించు’ ఎక్కువ.