అప్పు యాప్ బెదిరిస్తోంది.. ఏం చేయాలి?

ప్రశ్న: హాస్టల్ ఖర్చులకు ఒక లోన్ యాప్‌లో 3 వేలు తీసుకున్న. వడ్డీతో కట్టేసిన. ఇంకా 8 వేలు కట్టకపోతే నా ఫొటోను అసహ్యంగా మార్చి కాంటాక్టులందరికీ పంపుతమంటున్నరు. ఇంట్ల చెప్పాలంటే భయమైతుంది.
– డిగ్రీ రెండో ఏడాది విద్యార్థిని, నల్గొండ

జవాబు: అమ్మా, నేరం వాళ్లది, నీది కాదు. ఇంకో రూపాయి కూడా కట్టకు. కడితే వదిలేయరు, భయపడే మనిషి దొరికిందని మళ్లీ అడుగుతారు.

ఆ మెసేజ్‌లు చూస్తే వెంటనే చెరిపేయాలనిపిస్తుంది. చెరపకు. దేశం కోడ్‌తో సహా పూర్తి నంబరు, తేదీ, సమయం కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీయి. కట్టిన ప్రతి మొత్తానికీ యూపీఐ యాప్ హిస్టరీలో 12 అంకెల యూటీఆర్ నంబరు (ఆ చెల్లింపు గుర్తింపు సంఖ్య) ఉంటుంది. దాన్నీ, డబ్బు చేరిన యూపీఐ ఐడీనీ కాగితం మీద రాసి పెట్టుకో. ఫిర్యాదులో ముందుగా అడిగేవి ఇవే.

యాప్ తీసేయడం ఆ తర్వాతి పని. సెట్టింగ్స్‌లో దానికిచ్చిన కాంటాక్టులు, ఫొటోలు, ఎస్సెమ్మెస్ అనుమతులు ఆపేసి, అన్‌ఇన్‌స్టాల్ చేయి. ఆ బటన్ పనిచేయకపోతే యాప్ ‘డివైజ్ అడ్మిన్’ హక్కు తీసుకుని ఉండొచ్చు. సెట్టింగ్స్‌లో ఆ మాటతో వెతికి, యాప్ పేరు పక్కన ఆపేస్తే బటన్ పనిచేస్తుంది. కానీ వాళ్లు ఇప్పటికే లాగేసిన కాంటాక్టులు వెనక్కి రావు. అందుకే వాళ్లకన్నా ముందు నువ్వే చెప్పాలి. ‘నా ఫొటో మార్చి కొందరు మోసగాళ్లు పంపుతున్నారు. ఎవరికీ ఫార్వర్డ్ చేయకండి, వచ్చిన నంబరు నాకు చెప్పండి’ అని తెలిసినవాళ్లకు పంపు, స్టేటస్‌లోనూ పెట్టు. ఇది చేయగానే వాళ్ల బెదిరింపులో సగం బలం పోతుంది. ఇంట్లో మాత్రం మెసేజ్‌తో సరిపెట్టకు. నీ మాట వినే అక్కనో మేనమామనో పక్కన పెట్టుకుని ఈ రోజే చెప్పు.

డబ్బు పోయింది కాబట్టి 1930కి ఫోన్ చేయి. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో మహిళలపై నేరాల విభాగంలో పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు ఇవ్వొచ్చు గానీ, అలా ఇస్తే అది ఎంతవరకు వచ్చిందో తెలుసుకోలేవు. పేరుతో ఇవ్వడమే మేలు. షీ టీమ్‌ను గానీ ఏ పోలీస్ స్టేషన్‌ను గానీ ఆశ్రయించొచ్చు. ‘మా పరిధి కాదు’ అంటే జీరో ఎఫ్‌ఐఆర్, అంటే పరిధితో పనిలేకుండా ఏ స్టేషన్‌లోనైనా నమోదు చేసే కేసు, అడుగు. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 173వ సెక్షన్ అందుకు వీలిస్తుంది.

18 నిండినవాళ్లకు స్టాప్ ఎన్‌సీఐఐ అనే ఉచిత సేవ ఉంది. ఫొటో నీ ఫోన్ దాటదు, దాని డిజిటల్ గుర్తు మాత్రమే వెళ్తుంది. ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ వంటి సభ్య వేదికలు ఆ గుర్తుతో సరిపోలిన ఫొటోను పట్టుకుని అడ్డుకుంటాయి. వ్యక్తిగత చాట్లలో తిరిగేదాన్ని ఇది ఆపలేదు. 18 నిండని ఇంటర్ పిల్లలకు ఇలాంటిదే ‘టేక్ ఇట్ డౌన్’.

ఇంకొకటి. రుణ యాప్‌లు కాంటాక్టులు, కాల్ లాగ్, గ్యాలరీ చూడకూడదని రిజర్వు బ్యాంకు 2022లోనే చెప్పింది. కాంటాక్టులు అడిగిన అప్పు యాప్‌ను అక్కడే మూసేయమని తోటి హాస్టల్ పిల్లలకు చెప్పు.

ప్రశ్న: క్లాసు వాట్సాప్ గ్రూపులో ఉన్న అమ్మాయిలకు తెలియని నంబర్ల నుంచి మెసేజ్‌లు వస్తున్నాయి. మేము ఏం చేయగలం?
– డిగ్రీ అధ్యాపకుడు, మహబూబ్‌నగర్

జవాబు: సార్, ఎక్కువసార్లు లీకు కాలేజీ నుంచే మొదలవుతుంది. గ్రూపు ఇన్వైట్ లింకును ఎవరో ఇన్‌స్టాలో పెడతారు, ఊరివాళ్లంతా లోపలికొస్తారు. లింకును రీసెట్ చేసి, కొత్త సభ్యులకు అడ్మిన్ ఆమోదం తప్పనిసరి చేయండి. నోటీసుల కోసమైతే వాట్సాప్ కమ్యూనిటీలోని అనౌన్స్‌మెంట్ గ్రూపు వాడండి. అందులో సభ్యుల నంబర్లు తోటి సభ్యులకు కనబడవు. మామూలు గ్రూపులో అందరికీ కనబడతాయి.

స్కాలర్‌షిప్ జాబితాల పీడీఎఫ్‌లు ఇంతకన్నా ప్రమాదం. పేరు, ఆధార్, ఫోన్, బ్యాంకు ఖాతా ఒకే వరుసలో ఉన్న షీటు గ్రూపులో పడితే, ‘ఈపాస్ (స్కాలర్‌షిప్) ఆఫీసు నుంచి మాట్లాడుతున్నాం, ఓటీపీ చెప్పు’ అనేవాడికి అంతకన్నా ఏం కావాలి? జాబితాలో హాల్‌టికెట్ నంబరు, దరఖాస్తు స్టేటస్ చాలు.

దోస్త్ (డిగ్రీ ఆన్‌లైన్) ప్రవేశాలప్పుడు కొన్ని నెట్ సెంటర్లలో విద్యార్థి బదులు సెంటరు వాళ్ల మెయిల్ ఐడీనే పెట్టేస్తారు, పిన్ వాళ్ల నోటుబుక్కులో ఉంటుంది. ఆధార్ స్కాన్ కంప్యూటర్ డౌన్‌లోడ్స్‌లో అలాగే పడి ఉంటుంది. అడ్మిషన్ల రోజుల్లో కాలేజీ ల్యాబులో రెండు సిస్టమ్‌లు కేటాయించి, సొంత మెయిల్, సొంత నంబరుతో చేయించండి. చివర్లో లాగౌట్ చేసి, ఫైళ్లు చెరిపి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయించాలి.

ఇక పై ప్రశ్నలోలా ఫొటో బెదిరింపుతో ఏ అమ్మాయైనా మీ దగ్గరికొస్తే, ‘ఆ యాప్ ఎందుకు పెట్టుకున్నావు’ అన్న ప్రశ్న దయచేసి మానేయండి. అది విన్నాక రెండో అమ్మాయి రాదు. ఆధారం కోసమని ఆ ఫొటోను మీ ఫోన్‌కు పంపించుకోవద్దు. ఆమె ఫోన్‌లోనే ఉంచి, మహిళా అధ్యాపకురాలిని తోడిచ్చి స్టేషన్‌కు పంపండి.

ప్రశ్న: బ్యాంకు ఖాతా, ఏటీఎం కార్డు, సిమ్ ఇస్తే నెలకు 5 వేలు ఇస్తమని మా బాబును ఎవరో అడిగిన్రట. ఇచ్చిండు కూడా.
– ఒక తల్లి, వనపర్తి

జవాబు: అమ్మా, ఆలస్యం చేయొద్దు. మోసపోయినవాళ్ల డబ్బు ఆ ఖాతా గుండా పోతుంది, కేసు ఖాతాదారు పేరు మీదికి వస్తుంది. స్కాలర్‌షిప్ పడినా స్తంభించిన ఖాతాలో ఇరుక్కుంటుంది. ఈ రోజే బాబును తీసుకుని బ్రాంచికి వెళ్లి, కార్డు, నెట్ బ్యాంకింగ్, యూపీఐ ఆపమని రాతపూర్వకంగా ఇచ్చి, రసీదు ముద్ర వేయించుకోండి. సిమ్‌ను కంపెనీ స్టోర్‌లో బ్లాక్ చేయించండి. సంచార్ సాథీ అనే ప్రభుత్వ పోర్టల్‌లో అతని పేరు మీద ఎన్ని సిమ్‌లున్నాయో చూసి, తనవి కానివి అక్కడే రిపోర్టు చేయండి. ఖాతా అడిగినవాడి నంబరు, చాట్ తీసుకుని పోలీసుల దగ్గరికి మీరే ముందు వెళ్లండి. వాళ్లు వెతుక్కుంటూ వచ్చేదాకా ఆగితే చెప్పుకోవడానికి ఏమీ మిగలదు.

బాబు భయంతో తిండి, నిద్ర మానేస్తే 14416కు ఫోన్ చేయండి. అది టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ఉచితం, రాత్రీ పగలూ తెలుగులోనే మాట్లాడతారు.