విండోస్, ఆఫీస్ కొత్త వెర్షన్ల వెంట చిన్న డీటీపీ సెంటర్ ఎంత దూరం పరుగెత్తాలి?

ఒంగోలులో డీటీపీ సెంటర్ పెట్టుకున్నానని, విండోస్ 10, ఆఫీస్ 2016తో పని నడుస్తోందని, రోజుకో కొత్త ఫీచర్ గురించి వింటుంటే ఏది నేర్చుకోవాలో అర్థం కావడం లేదని అడిగారు. కావలిలో నాదీ ఇదే పని. ఫీచర్లన్నీ నేర్చుకోవాలన్న బెంగ వదిలేయండి. మీ దగ్గరికి వచ్చే ఫైలు ఏ వెర్షన్‌లో తయారైంది, మీరు ఇచ్చే ఫైలు ఎవరి కంప్యూటర్‌లో తెరుచుకుంటుంది అన్నవి పట్టించుకుంటే చాలు.

మా వైపు రొయ్యల వ్యాపారుల లెక్కలు ఇప్పుడు ఎక్సెల్‌లోకి వచ్చేశాయి. ఒకాయన చెన్నైలో ఉద్యోగం చేసే కొడుకుతో ఒక షీటు చేయించుకుని తెచ్చారు. కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) వేస్తే ఆ రోజు రేటు దానంతట అదే పక్క గడిలోకి వస్తుంది. మా ఆఫీస్ 2016లో తెరవగానే అంకెలన్నీ సక్రమంగానే కనిపించాయి. ఒక గడిలో 50 కౌంటు తీసి 60 వేయగానే రేటు పోయి '#నేమ్?' అని వచ్చింది. మా వాడి దగ్గర బాగానే పనిచేసింది, మీ కంప్యూటరే పాడైందని ఆయన వాదన! కారణం ఎక్స్‌లుకప్, అంటే పట్టికలో వెతికి దానికి సరిపోయే విలువను తెచ్చిపెట్టే ఎక్సెల్ ఫంక్షన్. ఆ ఫంక్షన్ ఆఫీస్ 2021లోనూ మైక్రోసాఫ్ట్ 365లోనూ ఉంది, 2016, 2019లలో లేదు. పాత ఎక్సెల్ ఫైలులో దాచి ఉన్న జవాబునే చూపిస్తుంది కాబట్టి మళ్లీ లెక్క కట్టాల్సి వచ్చేదాకా సంగతి బయటపడదు. ఇండెక్స్, మ్యాచ్ అనే పాత ఫంక్షన్లు రెండూ కలిపి ఆ ఫార్ములా తిరగరాస్తే అన్ని వెర్షన్లలోనూ నడిచింది. చెన్నైలో కొడుక్కీ నడిచింది. ఇప్పుడు బయటికి వెళ్లే షీటు ఏదైనా ఈ పాత జంటతోనే చేస్తాను. డబ్బు పెట్టకుండా ఎక్స్‌లుకప్ కావాలంటే లిబ్రె ఆఫీస్ 24.8 నుంచి అందులోనూ ఉంది.

తెలుగు ఫాంట్లది వేరే తలనొప్పి. రెండు పేజీలలో సర్దిన ప్రశ్నపత్రం కొత్త కంప్యూటర్‌లో మూడో పేజీకి జారిపోతే ముందు ఫాంటు పేరు చూడండి. చాలావరకు గౌతమి అయి ఉంటుంది. ఎక్స్‌పీ కాలం నుంచి విండోస్‌తో పాటే వచ్చిన ఆ ఫాంటును విండోస్ 10 వచ్చినప్పటి నుంచి విడిగా తెచ్చుకోవాలి. అది లేకపోతే నిర్మలా యూఐ ఆ చోటును ఆక్రమిస్తుంది. అక్షరాల వెడల్పు, వరుసల ఎడం మారిపోతాయి. సెట్టింగ్స్‌లో ఆప్షనల్ ఫీచర్స్ అని వెతికి, తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్ ఎంచుకుంటే గౌతమి, వాణి రెండూ దిగుతాయి. ప్రింటుకు మాత్రమే పంపుతున్నప్పుడు వర్డ్ ఫైలు ఇవ్వనే ఇవ్వకండి, పీడీఎఫ్ ఇవ్వండి.

అను ఫాంట్లలో చేసిన పాత పనులు మీ దగ్గరా గుట్టలుగా ఉండే ఉంటాయి. ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు రూపాలు కూర్చిన పద్ధతి కాబట్టి, ఆ మ్యాటర్ వాట్సాప్‌లో అతికిస్తే పిచ్చిరాతలే కనిపిస్తాయి. ఆ పనులు చేసిన పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో. దానికోసం ఒక పాత మెషీన్‌ను నెట్ తీగ పీకేసి అలాగే ఉంచాను. శుభలేఖలు ఇప్పటికీ అందులోనే. కొత్త పని మాత్రం యూనికోడ్‌లో (ఎక్కడ అతికించినా తెలుగు తెలుగుగానే కనిపించే పద్ధతిలో) మొదలుపెడతాను.

ఇక విండోస్ 10. సాధారణ భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. ఆ మర్నాడే కంప్యూటర్ ఆగిపోతుందన్నట్టు కొందరు దుకాణదారులు భయపెట్టి కొత్తవి అంటగట్టారు. నమోదు చేసుకున్న ఇంటి కంప్యూటర్లకు 2026 అక్టోబర్ 13 వరకు పొడిగింపు ఇచ్చారు. మీ మెషీన్ విండోస్ 11కు పనికిరాదని ఎవరైనా చెబితే వెంటనే నమ్మకండి. ఇంటెల్ ప్రాసెసర్లలో దాదాపు ఎనిమిదో తరం నుంచి తీసుకుంటుంది. విండోస్ 11 అడిగే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు లేదని చూపిస్తే, అది బయోస్‌లో (విండోస్ మొదలయ్యే ముందు తెరుచుకునే సెట్టింగ్స్‌లో) ఆపి ఉండవచ్చు. ఇంటెల్ బోర్డుల్లో పీటీటీ, ఏఎండీలో ఎఫ్‌టీపీఎం అన్న పేర్లతో ఉంటుంది. మా రెండో మెషీన్‌కు పీటీటీ ఆన్ చేస్తే సరిపోయింది. మెకానిక్ ఏకంగా కొత్త బోర్డు రేటు చెప్పి ఉన్నాడు! రిజిస్ట్రీ (విండోస్ లోపలి సెట్టింగ్స్) మార్చి విండోస్ 11ను బలవంతంగా ఎక్కించే దారులూ ఉన్నాయి కానీ అప్‌డేట్లకు హామీ లేదు. కస్టమర్ల ఆధార్ కాపీలు ఉండే కంప్యూటర్‌లో ఆ పని నేనైతే చేయను.

ఆఫీస్ 2016, 2019లకు కూడా మద్దతు అదే రోజు, 2025 అక్టోబర్ 14న పోయింది. ఇప్పుడు చౌకగా వస్తోందని 2021 కొనకండి, దాని గడువు 2026 అక్టోబర్ 13. ఒకేసారి డబ్బు కట్టి కొనుక్కోవాలనుకుంటే 2024 తీసుకోండి, అది 2029 అక్టోబర్ 9 వరకు ఉంటుంది. వందల రూపాయలకు అమ్మే 'జీవితకాలపు' కీల (ఆఫీస్‌ను యాక్టివేట్ చేసే కోడ్‌ల) జోలికి పోవద్దు. మా వీధిలో ఒకాయన కొన్న కీ నెలలు గడవకముందే చెల్లదంది, అమ్మినవాడు ఫోను తీయలేదు.