ఎన్నారై సందేహాలు: విశ్వవిద్యాలయంలో చేరగానే వచ్చే సమానావకాశాల శిక్షణ

సందేహం: హైదరాబాదులో పీహెచ్‌డీ పూర్తి చేసి, అమెరికాలోని ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో పోస్ట్‌డాక్‌గా చేరబోతున్నాను. వివక్ష, వేధింపుల నివారణపై ఆన్‌లైన్ శిక్షణ తప్పనిసరిగా పూర్తి చేయాలని అక్కడి నుంచి మెయిల్ వచ్చింది. ప్రయోగశాలలో పని చేసేవాడికి ఇదంతా ఎందుకు? పేజీలు నొక్కుకుంటూ పోతే సరిపోతుందని సీనియర్లు అంటున్నారు. నిజమేనా?

జవాబు: సెలవులకు హైదరాబాదు వచ్చినప్పుడల్లా తార్నాకలోనూ గచ్చిబౌలిలోనూ ఈ ప్రశ్న నాకు ఎదురవుతూనే ఉంటుంది, సీనియర్లు ఇచ్చే సలహా కూడా ఎప్పుడూ ఇదే. పేజీలు నొక్కుకుంటూ పోవడం చాలాచోట్ల సాధ్యం కాదు, ఎందుకంటే ఒక్కో పేజీ మీద కొంతసేపు ఆగితే తప్ప తరువాతిది తెరుచుకోదు. కాలిఫోర్నియాలోనైతే ఆ సమయాన్ని చట్టమే నిర్ణయించింది: మామూలు ఉద్యోగులకు ఒక గంట, ఇతరుల పనిని పర్యవేక్షించేవారికి రెండు గంటలు, చేరిన ఆరు నెలల్లోగా మొదటిసారి, ఆ తరువాత రెండేళ్లకు ఒకసారి. న్యూయార్క్‌లో ఏటా చేయించాలి. ఇంతకీ గంట గడవడం పెద్ద విషయమేమీ కాదు. చివరి పేజీలో మీరు పెట్టే సంతకం ఎందుకు పనికొస్తుందో తెలుసుకోవడం ముఖ్యం.

జాతి, రంగు, మతం, లింగం, పుట్టిన దేశం ఆధారంగా ఉద్యోగంలో వివక్ష చూపకూడదని అమెరికా 1964లో పౌరహక్కుల చట్టం చేసింది. ఆ చట్టంలోని ఏడవ భాగాన్నే అందరూ టైటిల్ సెవెన్ అంటారు. మొదట్లో విద్యాసంస్థల బోధనా సిబ్బందికి దీని నుంచి మినహాయింపు ఉండేది, దాన్ని 1972లో తొలగించారు. నలభై ఏళ్లు దాటినవారికి 1967 చట్టం, వైకల్యం ఉన్నవారికి 1990 చట్టం రక్షణ కల్పించాయి. తరువాత 1998లో సుప్రీంకోర్టు ఇచ్చిన రెండు తీర్పుల వల్ల, వేధింపులను నివారించడానికి తాము తగిన జాగ్రత్త తీసుకున్నామని చూపించగలిగిన యాజమాన్యాలకు కొన్ని రకాల కేసుల్లో వాదించుకునే వీలు కలిగింది. శిక్షణలు ఇంత విస్తృతం కావడానికి అది పెద్ద కారణం. అంటే మీ సంతకం సంస్థకు రక్షణ, రేపు ఏదైనా జరిగినప్పుడు ‘ఈ సంగతి నాకు తెలియదు’ అనే అవకాశం మీకు ఉండదు.

హైదరాబాదు విశ్వవిద్యాలయాల నుంచి వెళ్లేవారు ఒకచోట మాత్రం తప్పకుండా తికమకపడతారు. ఇక్కడ సమానావకాశం అనగానే మనకు రోస్టర్ పాయింట్లు, రిజర్వు చేసిన ఖాళీలు గుర్తుకొస్తాయి. రాజ్యాంగం 16వ అధికరణం దానికి చోటిచ్చింది, అది సబబే. అమెరికాలో ఉద్యోగాలకు అటువంటి కోటా లేదు. అక్కడ సమానావకాశమంటే వచ్చిన అభ్యర్థులందరినీ ఒకే ప్రశ్నలు అడిగి, ఒకే కొలమానంతో మార్కులు వేసి, ఆ కాగితాలను భద్రపరచడం. కోటా లేదు కాబట్టి వివక్షను ఎవరూ పట్టించుకోరని మనవాళ్లు కొందరు అనుకుంటారు, అది పొరపాటు. అక్కడ పరిశీలన అంతా ప్రక్రియ మీదే ఉంటుంది.

పోస్ట్‌డాక్‌ను కదా, నియామకాలతో నాకేం పని అనకండి. ఏడాది తిరగకముందే ల్యాబ్ టెక్నీషియన్‌ను ఎంపిక చేసే గదిలోనో, గంటల లెక్కన పనిచేసే విద్యార్థులను చేర్చుకునేటప్పుడో మిమ్మల్ని కూర్చోబెడతారు. మన దగ్గర ఆప్యాయతగా చెల్లిపోయే ప్రశ్నలన్నీ, అంటే పెళ్లయిందా, పిల్లలెంతమంది, మీవారు ఎక్కడ పనిచేస్తారు, అసలు సొంతూరేది, ఏ సంవత్సరంలో పుట్టారు వంటివన్నీ, అక్కడ ఫిర్యాదుకు ఆధారాలవుతాయి. నేను సభ్యుడిగా ఉన్న ఒక ఎంపిక సంఘంలో ఇంటర్వ్యూ సజావుగా ముగిసి అందరం భోజనానికి వెళ్లాం. సూప్ వచ్చేలోగా ఒక పెద్దాయన అభ్యర్థి చేతి ఉంగరం చూసి, మీ ఆయన ఈ ఊరికి రావడానికి ఒప్పుకుంటారా అని నవ్వుతూ మొదలుపెట్టాడు. పక్కనే కూర్చున్న సిబ్బంది విభాగం ప్రతినిధి మాట పూర్తి కానివ్వకుండా అందుకుని, ఆమె ఇంతకుముందు వాడిన మైక్రోస్కోపు గురించి అడిగింది. భోజనం కూడా ఇంటర్వ్యూలో భాగమేనని ఆ పెద్దాయనకు తరువాత విడిగా చెప్పారు. ఈ దేశంలో పనిచేసే అనుమతి ఉందా, వీసా స్పాన్సర్ చేయాల్సి ఉంటుందా అన్నవి అడగవచ్చు, అయితే పేరును బట్టో ముఖాన్ని బట్టో కొందరినే కాకుండా అందరినీ అడగాలి.

కులం సంగతి వేరుగా చెప్పక తప్పదు. బ్రాండైస్ విశ్వవిద్యాలయం 2019లో, అప్పటికి ఇరవైమూడు ప్రాంగణాలున్న కాలిఫోర్నియా స్టేట్ విశ్వవిద్యాలయం 2022 జనవరిలో తమ వివక్షా నిరోధక నిబంధనల్లో కులాన్ని చేర్చాయి. సియాటిల్ నగరం 2023 ఫిబ్రవరిలో ఆ పని చేసింది. కాలిఫోర్నియా శాసనసభ అదే ఏడాది ఆమోదించిన బిల్లును మాత్రం, ఉన్న చట్టాల్లోనే ఈ వివక్షకు నిషేధం ఉందన్న కారణంతో గవర్నరు తిప్పి పంపారు. కొత్తగా చేరిన తెలుగు విద్యార్థిని ‘ఇంటిపేరేమిటి, మీరేమిట్లు’ అని ఆరా తీయడం దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లోనూ మర్యాద కాదు, మీరు గ్రేడు వేసే తరగతిలోనైతే అది నేరుగా మీ ఉద్యోగానికే చేటు. విద్యార్థుల జవాబులు దిద్దే గ్రేడర్ పనికి వరుసగా మనవాళ్లనే, అందులోనూ మీకు కావలసినవాళ్లనే తీసుకోవడమూ ఇటువంటిదే. తెలుగులో మాట్లాడుకోవడాన్ని ఏ చట్టమూ తప్పుపట్టదు. కానీ చైనా నుంచో బంగ్లాదేశ్ నుంచో వచ్చిన సహోద్యోగి ఎదురుగా ఉండగా, ప్రయోగానికి సంబంధించిన నిర్ణయాలన్నీ తెలుగులోనే తేల్చేసుకుంటే అతను పక్కకు నెట్టేశారని ఫిర్యాదు చేయడంలో న్యాయం ఉంది.

శిక్షణలో మన పిల్లలు ఎక్కువగా దాటవేసే భాగం టైటిల్ నైన్. ఇది 1972 నాటి చట్టం, ఫెడరల్ (కేంద్ర) ప్రభుత్వ నిధులు అందుకునే విద్యాసంస్థల్లో లింగ వివక్షను నిషేధిస్తుంది. చాలా విశ్వవిద్యాలయాలు తమ సొంత నిబంధనల ద్వారా, విద్యార్థి ఎవరైనా లైంగిక వేధింపు గురించి చెబితే ఆ సమాచారాన్ని సంబంధిత అధికారికి చేరవేయాల్సిన బాధ్యతను ఉద్యోగులపై పెట్టాయి. మన ఊరి జూనియర్ వచ్చి ‘అన్నా, నీకొక్కడికే చెబుతున్నా, ఎవరికీ చెప్పొద్దు’ అని మొదలుపెట్టిందనుకోండి. మాట ఇచ్చేశాక మీరు ఇరుక్కుంటారు. కనుక ఆమె వివరాల్లోకి వెళ్లకముందే, ‘నేను విన్నది పైకి చెప్పాల్సి ఉంటుందమ్మా, రహస్యంగా మాట్లాడాలంటే కౌన్సెలింగ్ కేంద్రానికి వెళ్దాం, కావాలంటే అక్కడిదాకా నేనూ వస్తాను’ అని చెప్పండి. మీరే విచారణ చేపట్టి అవతలివాడిని నిలదీయడం, తెలుగు సంఘం పెద్దలను కూర్చోబెట్టి రాజీ కుదర్చడం వంటివి ఎంత మంచి ఉద్దేశంతో చేసినా ఆ అమ్మాయికే నష్టం చేస్తాయి.

ఇదంతా మీ మీద ఆంక్షల జాబితాలా కనిపిస్తుంది గానీ, వీసా మీద పనిచేసేవారికి కూడా టైటిల్ సెవెన్ రక్షణ వర్తిస్తుంది. యాసను హేళన చేసినా, పుట్టిన దేశాన్ని బట్టి మంచి పని దక్కకుండా చేసినా, ఫిర్యాదు చేశారని కక్ష సాధించినా ఉద్యోగాల్లో వివక్షపై ఫిర్యాదులు తీసుకునే ఈఈఓసీ అనే ఫెడరల్ సంస్థకు రాయవచ్చు. దానికి రుసుము లేదు, వకీలు ఉండి తీరాలన్న నియమమూ లేదు. ఘటన జరిగిన నాటి నుంచి 180 రోజుల గడువు, రాష్ట్రానికి సొంత వివక్షా నిరోధక సంస్థ ఉన్నచోట 300 రోజులు. విశ్వవిద్యాలయం లోపల ఫిర్యాదు నడుస్తున్నంత మాత్రాన ఈ గడువు ఆగదు. ‘పైవాళ్లు చూస్తున్నారు కదా’ అని నెలల తరబడి ఎదురుచూసి అవకాశం పోగొట్టుకున్నవారిని నేనెరుగుదును.

ఈ మధ్య ఇటువంటి శిక్షణలన్నీ ఎత్తేశారని హైదరాబాదులో వినిపిస్తోంది. వైవిధ్య (డైవర్సిటీ) కార్యక్రమాలకు కోత పడింది నిజమే: ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లోని వైవిధ్య కార్యాలయాలను మూసివేయించే టెక్సస్ చట్టం 2024 జనవరి నుంచి అమల్లో ఉంది, ఫెడరల్ కాంట్రాక్టర్లు ఉద్యోగాల్లో వివక్ష చూపకూడదన్న 1965 నాటి అధ్యక్షుడి ఉత్తర్వును 2025 జనవరిలో రద్దు చేశారు. అయితే ఈ శిక్షణకు మూలమైన 1964 చట్టం అమెరికా పార్లమెంటు అయిన కాంగ్రెస్ చేసినది, అధ్యక్షుడి ఉత్తర్వుతో పోయేది కాదు.

గడువు చివరి రోజుదాకా ఆగకుండా మొదటి వారంలోనే శిక్షణ పూర్తి చేసి, ధ్రువపత్రాన్ని మీ సొంత మెయిల్‌కు పంపుకోండి. ఫిర్యాదులు తీసుకునే కార్యాలయం, టైటిల్ నైన్ అధికారి, ఉద్యోగుల మాటలు గోప్యంగా వినే ఓంబుడ్స్ కార్యాలయం వివరాలు సాధారణంగా ఆ శిక్షణలోనే ఉంటాయి. వాటి నంబర్లు ఫోనులో దాచుకోండి.