క్రియాటినిన్ నార్మల్, ఏసీఆర్ మాత్రం 68: భయపడాలా?

తమ్ముడూ, నాన్నకు 8 ఏళ్లుగా షుగర్, కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష క్రియాటినిన్ 0.9, మూత్రంలో అల్బుమిన్ ఎంత పోతోందో చెప్పే యూరిన్ ఏసీఆర్ 68 వచ్చింది, కిడ్నీలు పోయినట్టేనా అని అడిగావు. పోలేదు. కానీ పక్కన పెట్టే రిపోర్టు కాదు.

కిడ్నీలో జల్లెడలా పనిచేసే సన్నటి రక్తనాళాలు దెబ్బతినడం మొదలైతే అల్బుమిన్ అనే ప్రోటీన్ మూత్రంలోకి జారుతుంది. ఏసీఆర్ (mg/gలో) 30 లోపు నార్మల్, 30 నుంచి 300 తొలి దశ. క్రియాటినిన్ పెరిగేసరికి చాలాసార్లు సగం పని పోయి ఉంటుంది. అనంతపురంలో మా అమ్మకు ఏళ్ల తరబడి క్రియాటినిన్ ఒక్కటే చూపించుకుని 'అంతా బాగుంది' అనుకున్నాం. ఆ తప్పు నువ్వు చేయకు.

ఒక్క రిపోర్టుతోనే తేల్చరు. జ్వరం, యూరిన్ ఇన్‌ఫెక్షన్, ముందురోజు వేరుశనగ చేలో ఒళ్లు విరిగేలా పని, ఇవేవైనా ఆ అంకెను పెంచేస్తాయి. పొద్దున లేవగానే పోసిన మూత్రంతో మళ్లీ చేయించు. 3 నుంచి 6 నెలల్లో మూడిట్లో రెండుసార్లు ఎక్కువొస్తేనే ఖాయం చేస్తారు.

ఇది కిడ్నీ గొడవ ఒక్కటే కాదు, గుండె నాళాలకూ హెచ్చరికే. బీపీ తప్పక చూపించు. టెల్మిసార్టాన్ లాంటి, కిడ్నీలనూ కాపాడే బీపీ మందు అవసరమా అన్నది డాక్టర్ చెప్పాలి. మోకాళ్ల నొప్పులకు మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే నొప్పి మాత్రలు మాత్రం మాన్పించు, అవి కిడ్నీలను దెబ్బతీయొచ్చు.

షుగర్ కంట్లోని సన్నటి నాళాలనూ దెబ్బతీస్తుంది కాబట్టి, చూపు బాగానే ఉన్నా కంటి వెనక పొర అయిన రెటీనా ఏడాదికోసారి చూపించాలి. ఆ పరీక్షకు కంట్లో చుక్కలు వేశాక కొన్ని గంటలు మసకగా ఉంటుంది, ఆయన్ని బండి నడపనివ్వకు, నువ్వే వెంట వెళ్లు.