డాక్టర్ సలహా: సిస్టీన్ రాయికి పప్పు మానాలా?

ప్రశ్న: మా అబ్బాయికి 19 ఏళ్లు. రెండేళ్లలో రెండోసారి కిడ్నీలో రాయి వచ్చింది. తీసిన రాయిని పరీక్షిస్తే సిస్టీన్ అని తేలింది. అది ప్రొటీన్లలో ఉండే అమైనో ఆమ్లమట. టమాటా, పాలకూర ఎప్పుడో మాన్పించాం. పప్పు, గుడ్డు కూడా ఆపేయాలా?

జవాబు: ఆపకండమ్మా. టమాటా, పాలకూర జాగ్రత్త ఆక్సలేట్ రాళ్లకు. ఈ రాయికి అక్కర్లేదు, మళ్లీ పెట్టండి.

సిస్టీన్‌ని మొదట గుర్తించింది రాయిలోనే. 1810లో ఇంగ్లండ్‌లో వోలాస్టన్ అనే శాస్త్రవేత్త ఒక మూత్రాశయపు రాయిలో దీన్ని కనుగొన్నారు. గ్రీకులో మూత్రాశయాన్ని 'కిస్టిస్' అంటారు, పేరు అందులోంచే వచ్చింది. ఇది ప్రొటీన్లలోనూ ఉందని తెలిసింది 1899లో, పశువు కొమ్ములో దొరికాక. సిస్టెయిన్ అనే అమైనో ఆమ్లం అణువులు రెండు గంధకంతో ముడిపడితే ఒక సిస్టీన్; మన జుట్టుకు గట్టిదనం ఆ ముడివల్లే.

మీ అబ్బాయి సమస్య తిండిలో లేదు. వడపోతలో బయటికొచ్చిన సిస్టీన్‌ని కిడ్నీ తిరిగి రక్తంలోకి లాక్కోలేకపోతోంది. పుట్టుకతో వచ్చే ఈ లోపాన్ని సిస్టినూరియా అంటారు. లీటరు మూత్రంలో సుమారు 250 మిల్లీగ్రాములే కరుగుతుంది. రోజుకు 700 మిల్లీగ్రాములు పోతుంటే, లీటరున్నర మూత్రంలో అది గడ్డకడుతుంది. మూడు లీటర్లలో కరిగి పోతుంది. అసలు వైద్యం ఈ లెక్కే.

కాబట్టి మూత్రం రోజుకు 3 లీటర్లు రావాలి. అందుకు 3.5 నుంచి 4 లీటర్ల నీళ్లు తాగాలి, ఎండాకాలం ఇంకా ఎక్కువ. తాగింది కాదు, వచ్చింది కొలవండి: వారానికో రోజు 24 గంటల మూత్రం సీసాలో పట్టి చూడండి. చాలామంది తప్పేది రాత్రిపూట. నిద్రలో మూత్రం చిక్కబడుతుంది. పడుకునేముందు అర లీటరు, నడిరాత్రి లేచి మరో అర లీటరు తాగించండి.

ఉప్పు మొత్తం రోజుకు 5 గ్రాములు, అంటే ఒక టీ చెంచా మించకూడదు. సోడియం ఎక్కువ పోయేకొద్దీ సిస్టీన్ కూడా ఎక్కువ పోతుంది. ఆవకాయ, అప్పడాలు, చల్లమిరపకాయలు ఆ చెంచాలోనే లెక్క. మాంసం తగ్గించండి.

మూత్రం పీహెచ్ (ఆమ్లమా, క్షారమా చెప్పే కొలత) 7 నుంచి 7.5 మధ్య ఉంచడానికి పొటాషియం సిట్రేట్ ఇస్తారు. క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పేది), పొటాషియం రక్తపరీక్షలు చూసి డాక్టరే మోతాదు చెప్పాలి. 7.5 దాటితే కాల్షియం ఫాస్ఫేట్ రాళ్లు మొదలవుతాయి. దీని బదులు వంటసోడా వద్దు, అది సోడియమే. ఇంతచేసినా రాళ్లు వస్తే టయోప్రోనిన్ వంటి మందులున్నాయి.

మళ్లీ రాయి వస్తే అది సిస్టీన్ అని యూరాలజిస్టుకు ముందే చెప్పండి. బయటినుంచి తరంగాలతో రాయిని పగలగొట్టే షాక్‌వేవ్‌కి ఇవి సరిగా పగలవు. నొప్పితోపాటు జ్వరం వచ్చినా, మూత్రం ఆగిపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. అబ్బాయికి తోబుట్టువులుంటే ఒక్కొక్కరికీ ఈ లోపం ఉండే అవకాశం నాలుగింట ఒక వంతు. నొప్పి లేకపోయినా మూత్రంలో సిస్టీన్ పరీక్ష చేయించండి.