నా రాతల్ని నేనే ఎడిట్ చేసుకోవడం, వేరేవాళ్లవి దిద్దడం ఎలా నేర్చుకోవాలి?

రాసిన వెంటనే దిద్దడానికి కూర్చోకండి. అప్పుడు కాగితం మీద ఉన్నది కాదు, మనసులో ఉన్నదే కనిపిస్తుంది. ఒక రాత్రి గడిచాక, వీలైతే ప్రింట్ తీసుకుని, పైకి చదవండి. ఊపిరి అందని చోట వాక్యాన్ని విడగొట్టాలి. తెలుగులో క్రియ చివర వస్తుంది కాబట్టి ‘వెళ్లి, చూసి, అడిగి, తెలుసుకుని’ అంటూ ఎంత దూరమైనా పోవచ్చు. ఈలోగా కర్త ఎవరో పాఠకుడు మర్చిపోతాడు.

ముందు పెద్దవి చూడండి. చాలా వ్యాసాల్లో అసలు విషయం రెండో పేరాలో మొదలవుతుంది, మొదటిది తీసేసినా నష్టం లేదు. ఆ తర్వాతే మాటలు. ‘సభను నిర్వహించడం జరిగింది’ అని ఉంటే ‘సభ జరిగింది’ చాలు. ‘యొక్క’, ‘అనేది’, ‘ఒక’ తీసేసి చదివి చూడండి, చాలాచోట్ల వాటి లోటే తెలియదు. అచ్చుతప్పులు ఆఖరున. కొట్టేయబోయే పేరాలో ఒత్తులు సరిచేయడం దండగ కదా!

వేరేవాళ్లదైతే మొదటిసారి ఏమీ ముట్టుకోకుండా చివరిదాకా చదవాలి. గూగుల్ డాక్స్‌లో సజెస్టింగ్ మోడ్ పెట్టుకుంటే, మార్పును ఒప్పుకోవాలా వద్దా అన్నది రాసినవాళ్ల చేతిలో ఉంటుంది. అర్థం కానిచోట మీరే తిరగరాయకుండా ‘ఇక్కడ మాట్లాడుతున్నది ఎవరు?’ అని అడగండి. కరీంనగర్ పాత్ర మాటల్ని పత్రికల భాషలోకి మార్చేయడం నాకైతే ఎడిటింగ్ అనిపించదు. ‘వచ్చిండు’ తప్పు కాదు. అదే పాత్ర రెండో పేజీలో కారణం లేకుండా ‘వచ్చాడు’ అంటే మాత్రం గుర్తు పెట్టండి.