అల్లుడూ, రేకు కోసేముందు బాణం గీసుకో

చిరంజీవి కిరణ్‌కు మీ మామ ఆశీస్సులు.

గాజులమండ్యంలో షెడ్డు బాడుగకు తీసుకున్నావనీ, ట్రాన్స్‌ఫార్మర్‌లో రాగి చుట్టే ఇనుప రేకుల కోర్లు నువ్వే కోసి పేర్చబోతున్నావనీ మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. సంతోషం. ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

షెడ్డు, కరెంటు, లైసెన్సు నువ్వు చూసుకోగలవు. సీఆర్‌జీఓ రేకుకు, అదే స్ఫటికాలు ఒకే దిశకు తిరిగిన కోర్ ఉక్కుకు, భారతీయ ప్రమాణం ఐఎస్ 3024 టెస్ట్ సర్టిఫికెట్ చేతికొచ్చాకే డబ్బులివ్వు. గ్లవ్స్ లేకుండా ముట్టావంటే ఊరుకోను, 0.27 మిల్లీమీటర్ల అంచు బ్లేడుకేం తీసిపోదు.

నా అసలు భయం వేరే. తుక్కు మిగలకూడదని కోర్ కాళ్లను పైనా కిందా కలిపే యోక్ ముక్కల్ని షీటుకు అడ్డంగానో ఏటవాలుగానో కోసేస్తారు. ఈ పనిలో పాత జబ్బు ఇది. పేర్చిన కోర్ చూడ్డానికి బాగానే ఉంటుంది. కరెంటిస్తే లోడు లేకుండానే ఆంపియర్లు లాగుతుంది, గుయ్యిమంటుంది, యోక్ వేడెక్కుతుంది. అందరూ వైండింగును తిడతారు. రాగి విప్పి మళ్లీ చుడతారు. మళ్లీ అదే మోత.

తప్పు రాగిది కాదురా, స్ఫటికాల వరసది. ఇనుప స్ఫటికాన్ని ఒక ఘనం అనుకో. దాని అంచు వెంబడి అయస్కాంతత్వం సులువుగా ఎక్కుతుంది. ముఖం మీది కర్ణం వెంబడి కష్టం. మూల నుంచి ఎదుటి మూలకు పోయే కర్ణం వెంబడి మరీ కష్టం. నార్మన్ గాస్ అనే అమెరికన్ 1934లో పేటెంటు పొందిన దారిలో వచ్చిన ఈ రేకులో, సుమారు 3 శాతం సిలికాన్‌తో, దాదాపు అన్ని స్ఫటికాల అంచులూ రోలింగ్ దిశకే, అంటే మిల్లులో రేకు సాగిన వైపుకే తిరిగి ఉంటాయి. సరుగుడు కట్టె నార లాంటిదే కదా, అడ్డకోతే అన్నిటికన్నా చెడ్డది అనుకుంటావు. అక్కడే కట్టెతో పోలిక చెడుతుంది. 90 డిగ్రీల దగ్గర తగిలేది ముఖకర్ణం. ఆ మూలకర్ణం తగిలేది 55 డిగ్రీల దగ్గర. ‘ఏటవాలేలే, సగమన్నా పనికొస్తుంది’ అని సర్దుకున్నవాడే ఎక్కువ మునుగుతాడు.

అందుకే కాయిల్ విప్పగానే ప్రతి షీటు మీదా రోలింగ్ దిశకు బాణం గీసుకో. గుర్తు చెరిగిందా, 280 పొడవు, 30 మిల్లీమీటర్ల వెడల్పు పట్టీలు ఒక్కో దిశలో విడిగా కోసి, నలుచదరంగా పేర్చి, ఒకే చుట్లు, ఒకే వోల్టేజి ఇచ్చి చూడు. తక్కువ కరెంటు లాగేదే సరైన దిశ. మూలల్లో కొసలకు 45 డిగ్రీల కోత పెట్టేది కూడా ఫ్లక్స్, అదే అయస్కాంత ప్రవాహం, మలుపు దాకా దిశ తప్పకుండా నడవాలనే. ముక్క పొడవు మాత్రం ఎప్పుడూ బాణం వెంబడే.

సుత్తితో మొత్తకు, ఒత్తిడి పడితే లాస్, అంటే కోర్‌లో వేడిగా పోయే శక్తి, పెరుగుతుంది. చుట్టిన కోర్ అయితే నూనె పూర్తిగా తుడిచి, పొడి నైట్రోజన్‌లో 800 డిగ్రీల దగ్గర కాల్చి మెల్లగా చల్లార్చు. నూనె మిగిలితే కర్బనం ఇనుములోకి దిగుతుంది. లాస్ తగ్గించడానికి మామూలు లేజర్ గీతలు పెట్టిన రేకును ఆ కొలిమిలో పెట్టావో, గీతల లాభమంతా పోయినట్టే.

మిగిలిందని బోరు మోటారులో తిరగని భాగమైన స్టేటరుకు వాడేవు! అక్కడ ఫ్లక్స్ తిరుగుతూ ఉంటుంది, ఒక్క దిశలో మంచి రేకు చాలదు. దానికి ఏ ఒక్క దిశకూ మొగ్గని రేకు, ఐఎస్ 648 సీఆర్‌ఎన్‌ఓ, వేరే కొను.

మొదటి కోర్ పేర్చాక, రాగి ఎక్కించకముందే ఫోన్ చెయ్యి. చిత్తూరులో పొద్దున బస్సెక్కి మీటరు నేనే తెస్తా. మీ అమ్మను రాగిసంగటి చెయ్యమను.

మీ మామ